ఉసూర్ సంతలో ఒక దొప్ప జావ

బస్తర్ దక్షిణపు అంచున హోటలంటే తాటాకు పందిరే. దాని పొయ్యి వెలగాలా వద్దా అన్నది తుపాకులు తేల్చిన రోజులూ ఉన్నాయి

బీజాపూర్ నుంచి దక్షిణంగా దాదాపు 50 కి.మీ. పోతే ఉసూర్. ఆవపల్లి దగ్గర చీలే దారుల్లో ఒకటి బాసగూడకు పోతుంది, మరొకటి ఇక్కడికి వస్తుంది. పేరుకు బ్లాకు కేంద్రం. కానీ మెనూ కార్డు ఉన్న హోటలు కోసం వెతికితే నిరాశే. ఇక్కడ కడుపునిండా, నోరూరేలా తినాలంటే సంత రోజు రావాలి. హోటలుకు చిరునామా ఉండదు, వారం ఉంటుంది.

నాలుగు గుంజలు, పైన తాటాకో నీలిరంగు టార్పాలినో, మూడు రాళ్ల పొయ్యి, కూర్చోవడానికి ఒక బల్ల. మూకుడులో భజియాలు వేగుతుంటాయి. పక్కన నేల మీద ఆకులు పరిచి ఎండుచేపలు, చింతపండు, కాళ్లు కట్టేసిన కోళ్లు. చెట్టు నీడలో ఇప్పసారా, తాటికల్లు. అమ్మేది ఎక్కువగా ఆడవాళ్లే. పక్క వరసలో కోడిపందెం మొదలైందంటే భజియాల బేరం కాసేపు ఆగిపోతుంది.

అసలు భోజనం జావ. నూకలనో, చిరుధాన్యాలనో పల్చగా ఉడికించి చల్లార్చింది. హల్బీలో దీన్ని పేజ్ అంటారు. ఎండిన సొరబుర్రలో నింపుకుని భుజానికి తగిలించుకుంటే పగలంతా చల్లగా ఉంటుంది. ఆకలి, దాహం రెండూ దానితోనే తీరతాయి. ఆకు దొప్పలో పోసుకుని, నంజుకోవడానికి చాప్డా పెట్టుకుంటారు. చెట్లపై ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలను, వాటి గుడ్లతో సహా ఉప్పు, మిరపకాయ వేసి నూరిన పచ్చడి అది. నిమ్మకాయను మించిన పులుపు. వినగానే మొహం చిట్లించే పట్నవాసులు ఒక సంగతి తెలుసుకోవాలి: ఒడిశాలోని మయూర్‌భంజ్ ఆదివాసులు చేసే ఇలాంటి పచ్చడికే 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు దక్కింది.

తెలుగువాళ్లకు ఇక్కడ భాష పెద్ద అడ్డంకి కాదు. దోర్లాల మాటలో తెలుగు కలిసే ఉంటుంది. ఊళ్ల పేర్లు కూడా పల్లి, గూడ అనే ముగుస్తాయి. టీ కావాలంటే కొట్టతన్ని 'దాదా' అని పిలవాలి. తెలంగాణలో 'అన్నలు' అన్నట్టే ఇక్కడ మావోయిస్టులనూ దాదాలనే అంటారు. ఒకే పిలుపు టీ కొట్టుకీ అడవికీ సరిపోవడం ఈ ప్రాంతపు చరిత్రకు బాగా అతికింది.

ఎందుకంటే ఈ పందిళ్ల మీద ఇద్దరి నీడా పడింది. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక పల్లెలు ఖాళీ అయ్యాయి. కొందరు క్యాంపులకు, కొందరు అడవిలోకి, వేలాది మంది ఖమ్మం జిల్లాలోకి పోయారు. తాలిపేరు ఒడ్డున కళకళలాడిన బాసగూడ సంత మూతపడింది. సంత లేదంటే పకోడీలు లేవని కాదు, ఉప్పు లేదని. అడవి ఊళ్లవాళ్లు ఉప్పు, నూనె కోసం చెర్ల దాకా నడిచారు. తాలిపేరు కూడా ఆ చెర్ల వైపే పారుతుంది, కాకపోతే దానికి సోదాలుండవు. ఎవరైనా నాలుగు కిలోలు ఎక్కువ బియ్యం మోసుకెళితే అది ఎవరి కోసమని ప్రశ్న. ఇంటి తిండి గింజలు యుద్ధ సామగ్రి లెక్కలోకి వెళ్లిపోయాయి. సల్వాజుడుం పేరుతో ఆదివాసులకు ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు చెప్పేసరికి ఆరేళ్లు గడిచాయి.

తిండి కొట్టుకూ రాజకీయానికీ ఉన్న ముడి బస్తర్‌కే ప్రత్యేకం కాదు. ఇప్పుడు హైదరాబాద్‌లో వందల రూపాయలు పెట్టి తినే రామెన్, ఓడిపోయిన జపాన్‌లో ఆకలి తిండి. 1945 తర్వాత అమెరికా ఆక్రమణ కాలంలో బియ్యానికి కటకట. వీధి కొట్లపై ఆంక్షలున్నా, అమెరికా గోధుమపిండితో చేసిన నూడుల్స్ నల్లబజారులో వేడివేడిగా అమ్ముడుపోయాయి. అయితే ఆ గిన్నె తర్వాత గొప్పదైంది. జావకు అలాంటి అదృష్టం పట్టలేదు.

పట్టకపోగా పోటీ వచ్చింది. క్యాంపులు ముందు, వాటి వెంట రోడ్లు, రోడ్ల వెంట నూడుల్స్ ప్యాకెట్లు. ఛత్తీస్‌గఢ్ రేషన్‌లో చవక బియ్యంతో పాటు ఉప్పూ ఇవ్వడం మొదలయ్యాక, సారపప్పు తెచ్చి ఉప్పుకు మార్చుకునే పాత దోపిడీ తగ్గింది. ఇది చిన్న లాభం కాదు. కానీ అదే బియ్యం చిరుధాన్యాల జావను వెనక్కి నెట్టింది. రోడ్డు పనివాళ్లు, జవాన్లు, నంబి జలపాతానికి బైకులపై వచ్చే కుర్రాళ్లు సమోసా అడుగుతారు, జావ అడగరు. అడిగేవాళ్ల దగ్గర డబ్బు తక్కువ.

ఆ డబ్బు కోసమే ఏటా ఇక్కడివాళ్లు మిరప కోతలకు తెలంగాణ వెళతారు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ నడుస్తున్నప్పుడు ములుగు జిల్లా పేరూరు నుంచి కాలినడకన బయల్దేరిన పన్నెండేళ్ల బీజాపూర్ బాలిక, మూడు రోజులు నడిచి సొంత ఊరికి కాస్త దూరంలో ప్రాణం విడిచింది. కోస్తా, తెలంగాణ ఊరగాయల్లో మెరిసే ఎరుపులో ఈ చేతుల కష్టం ఎంతో, జాడీలపై రాయరు.

2025 ఏప్రిల్, మే నెలల్లో ఉసూర్‌కు దక్షిణాన తెలంగాణ సరిహద్దులోని కర్రెగుట్టల్లో 21 రోజులు ఆపరేషన్ సాగింది. 31 మంది మావోయిస్టులు మరణించారని అధికారులు ప్రకటించారు. గుట్టల మీద ఏం జరిగినా గుట్టల కింద మనుషులకు ఉప్పు, నూనె కావాల్సిందే.

ఉసూర్ రుచి చూడాలనుకునేవారు సంత రోజు ముందే కనుక్కుని, మధ్యాహ్నం లోపే చేరాలి. దూరపు ఊళ్లవాళ్లు పొద్దుండగానే ఇల్లు చేరాలని తట్టలు సర్దేస్తారు. చాప్డా అంతకంటే ముందే అయిపోతుంది.