రాంపూరులో ఒక పూట

సెలవు ప్రయాణ రాయితీపై నైనిటాల్ సందర్శనకు బయలుదేరిన మా నలుగురి బృందం గత శీతాకాలంలో ఒక పూట రాంపూరులో ఆగినది. ఉత్తరప్రదేశ్‌లో మొరాదాబాదు, బరేలీ నగరాల నడుమ కోసీ నది చెంతనున్న ఈ పట్టణానికి ఖ్యాతి రెండు విధాలుగా కలిగినది. మొదటిది 1774లో నవాబు ఫైజుల్లా ఖాన్ కాలంలో అంకురించిన రజా గ్రంథాలయం. రెండవది హిందీ చలనచిత్రాలు ఊరూరా పరిచయం చేసిన రాంపురీ చాకు.

ఉదయం కోటలోని గ్రంథాలయాన్ని దర్శించి, అక్కడి ప్రాచీన తాళపత్ర, కాగితపు ప్రతుల సంపదకు అబ్బురపడ్డాము. తరువాత నైనిటాల్ మార్గంలోని కూడలికి వెళ్లాము. 2023లో అక్కడ ప్రతిష్ఠించిన దాదాపు 20 అడుగుల చాకు ప్రతిమ ముందు యాత్రికులు ఫోటోలు తీసుకుంటున్నారు. మాలో విద్యుత్ విభాగానికి చెందిన మిత్రుడు మాత్రం ఆ ప్రతిమను ఒకసారి చూసి, మౌనంగా పక్కకు తొలగినాడు. కారణం మాకు తెలియనిది కాదు.

కొన్నేళ్ల క్రితం కేబులు పైపొర ఒలుస్తుండగా ఆయన చేతిలోని మడత కత్తి హఠాత్తుగా మూసుకొని చూపుడు వేలి నరాన్ని తెంచినది. శస్త్రచికిత్స జరిగినా ఆ వేలు నేటికీ పూర్తిగా ముడుచుకోదు. గడియ ఉన్న కత్తి ఎలా మూసుకున్నదన్న ప్రశ్న ఆయనను విడువలేదు.

చాకుల బజారులో పూర్వపు సందడి లేదు. నాలుగున్నర అంగుళాలకు మించిన అలుగుతో చాకులు చేయరాదని 1990 దశకంలో రాష్ట్ర ప్రభుత్వం ఆంక్ష విధించిన పిదప ఎందరో ఈ వృత్తిని విడిచిపెట్టారట. మిగిలిన కొద్ది దుకాణాలలో ఒకదాని ముందు వృద్ధుడైన పనివాడు అలుగుకు సాన పడుతున్నాడు. మా మిత్రుడు ఆయన పక్కనే కూర్చొని, తన వేలు చూపి, సంగతి వివరించాడు.

పెద్దాయన ఒక చాకును తెరిచాడు. ‘ఖట్’మని చప్పుడైనది. “బాబూ, అందరూ ఈ చప్పుడు విని గడియ పడిందనుకుంటారు. చప్పుడును నమ్మకూడదు. గడియ గాడిలోకి పూర్తిగా దిగినదో లేదో కంటితో చూడాలి” అన్నాడు. మిత్రుని కత్తి గాడిలో దుమ్ము, జిడ్డు గడ్డకట్టి ఉంటాయని, గడియ అంచున మాత్రమే ఆగి ఉంటుందని ఆయన అనుమానం. “మొనతో ఏదైనా ఎత్తి తీశావా?” అని అడిగాడు. మిత్రుడు తల వంచి, ఔనన్నాడు. అలా పెకలించినప్పుడు అలుగు వెన్నుపై బలం పడి, సగం పడిన గడియ జారిపోయి ఉంటుంది.

వెన్నుకమ్మీ గాడిలో పడే కత్తి ఒక రకం. పిడి లోపలి సన్నని రేకు పక్కకు జరిగి అలుగు మొదలును అడ్డుకొనేది మరొక రకం. 1955లో ఫ్రాన్సులోని ఒపినెల్ సంస్థ తెచ్చినట్టి, తిరిగే ఉంగరంతో బిగించే ఏర్పాటు వేరొకటి. ఎన్నో చిన్న జేబు కత్తులకు అసలు గడియే ఉండదు. స్ప్రింగు ఒత్తిడి మాత్రమే అలుగును నిలుపుతుంది. తన కత్తి ఏ రకమో ఎరుగని వానికి ప్రమాదం పొంచి ఉంటుంది.

పెద్దాయన పరీక్షించే తీరు కూడా చూపాడు. వేళ్లు అలుగు మడిచే దారిలో లేకుండా పిడిని ఇరుపక్కలా పట్టి, అలుగు వెన్నును చెక్కబల్లపై మెల్లగా నొక్కాడు. అలుగును పక్కలకు కదిపి, కీలు వదులైనదేమో చూశాడు. గాడిని పుల్లతో శుభ్రపరచి, కీలుకు ఒక చుక్క నూనె వేశాడు. “పరీక్షలో నిలిచినా సరే, కోత ఒంటికి ఎదురుగా రాకూడదు. పొడవడానికీ పెకలించడానికీ మడత కత్తి పనికిరాదు. మూసేటప్పుడు వేళ్లెక్కడున్నాయో చూసుకోవాలి. గడియ రెండో కాపలాదారు; మొదటి కాపలాదారువు నువ్వే” అన్నాడు.

మా మిత్రుడు బొత్తాం లేని, రెండున్నర అంగుళాల అలుగు గల వెన్నుగడియ కత్తి నొకదాన్ని కొన్నాడు. గృహ, వ్యవసాయ, పారిశ్రామిక అవసరాలకు కానట్టి, తొమ్మిది అంగుళాలు మించిన కత్తులు ఆయుధ నిబంధనల పరిధిలోకి వస్తాయి. బొత్తాంతో తెరుచుకొనే వాటిపై ఢిల్లీలో ప్రత్యేక నిబంధనలు కలవు. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయం వద్ద ఆయన దానిని చేతిసంచిలో ఉంచక, అప్పగించే సామానులో భద్రపరిచాడు.

విధులలో చేరిన మొదటి సోమవారమే మా మిత్రుడు శిక్షణార్థులను చుట్టూ నిలబెట్టి, ఆ కత్తిని తెరిచాడు. చప్పుడు కాగానే ఒక కుర్రవాడు చేయి చాచాడు. మిత్రుడు ఇవ్వలేదు. ముడుచుకోని చూపుడు వేలితో గాడిని చూపుతూ, “ముందు ఇక్కడ చూడు నాయనా” అన్నాడు.