సిసిలీ రాళ్ళూ, మా యెనిమిదెకరాలూ

2019 వేసవిలో సిసిలీ ద్వీపంలో ఆరు వారాలపాటు ప్రాచీన చరిత్ర చదువుకొనే అవకాశం నాకు దొరికింది. తిరిగివచ్చాక యెవరడిగినా సిరాక్యూస్ పట్నంలోని పెద్ద చర్చి గురించే చెప్పేవాణ్ణి. చెప్పదగ్గదే అది. క్రీ.పూ. అయిదో శతాబ్దంలో గ్రీకులు ఎథీనా దేవతకు గుడి కట్టారు. తర్వాత క్రైస్తవులు స్తంభాల మధ్య సందులు పూడ్చి దాన్నే చర్చిగా మార్చుకున్నారు; అరబ్బుల యేలుబడిలో అదే మసీదయింది; 1693 భూకంపం తర్వాత ముందుభాగం కొత్తగా లేచింది. పక్కవీధిలో నిలబడితే గోడలోంచి ఆ గ్రీకు స్తంభాలు పక్కటెముకల్లాగా పొడుచుకొచ్చి కనబడతాయి. చెయ్యివేసి చూశాను. వొళ్ళు పులకరించిన మాట నిజం.

ఆ రాయిని యెవరు తవ్వారన్న ప్రశ్న నాకు తోచటానికి మాత్రం వారం రోజులు పట్టింది.

వూరి చివర పాత రాతిగనులున్నాయి. యిప్పుడు వాటిలో నారింజచెట్లు, చల్లని నీడ, టిక్కెట్టు కొని వచ్చే యాత్రికులు. క్రీ.పూ. 413లో సిరాక్యూస్‌మీదికి దండెత్తి వోడిపోయిన ఎథెన్స్ సైన్యంలో యేడువేలమందికి తక్కువ కాకుండా యీ రాతిగుంటల్లో పడేశారని థూసిడైడిస్ రాశాడు. మనిషికి రోజుకు పావులీటరు నీళ్ళు, అరలీటరు గింజలు. యెనిమిది నెలలు అలాగే గడిచాయి. చచ్చినవాళ్ళు బతికినవాళ్ళ పక్కనే పడివుండేవారు. యూరిపిడీస్ నాటకాల్లోని చరణాలు వినిపించి విడుదలైనవాళ్ళు కొందరున్నారని ప్లూటార్క్ చెప్పిన కథను మా గైడు తన్మయుడై చెప్పాడు. కవిత్వ మహిమ! మేమంతా చప్పట్లు కొట్టాం. చరణాలు రానివాళ్ళ సంగతి యెవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ద్వీపం నడిబొడ్డున, కొండమీద, ఎన్నా అనే వూరుంది. కిందంతా గోధుమచేలు. రోమ్ నగరానికి తిండిపెట్టిన నేల అది. క్రీ.పూ. 135లో అక్కడి బానిసలు యూనస్ అనే సిరియా బానిసను రాజుగా యెన్నుకొని తిరగబడ్డారు; వాళ్ళను అణచటానికి రోమ్‌కు క్రీ.పూ. 132 దాకా పట్టింది. ఆ బానిసల్లో ఒక్కడు కూడా తన మాటగా ఒక్క ముక్క రాసిపెట్టలేదు. మనకున్నదల్లా యజమానుల పక్షాన నిలబడి రాసినవాళ్ళ మాటే. అయినా, సిసిలీలోనే పుట్టిన డియోడోరస్ అనే చరిత్రకారుడు ఒక సంగతి దాచలేకపోయాడు: తిరగబడ్డ బానిసలు పొలాల్లోని చిన్న యిళ్ళనుగానీ, నిలవవున్న పంటనుగానీ తగలబెట్టలేదట. దీనికి పాఠ్యక్రమంలో కేటాయించింది ఒక పూట. చర్చికి నాలుగు రోజులు. సంకెళ్ళు తెంచుకొంటున్న యూనస్ విగ్రహం కోటదగ్గరే వుంది గనక దాన్నయినా చూశాం.

పాఠ్యక్రమంలో అసలే లేని చోటుకు చివరివారం ముగ్గురం పలెర్మోనుంచి బస్సెక్కి వెళ్ళాం. పియానా దెల్యి అల్బనేసి అనే వూరు దాటితే పోర్టెల్లా దెల్లా జినెస్ట్రా అనే కనుమ వస్తుంది. సిసిలీ జమీందార్లు పలెర్మోలో కూర్చునేవారు. మధ్యదళారులు యెస్టేటు మొత్తాన్ని కౌలుకు తీసుకొని ముక్కలుగా రైతులకు మారుకౌలుకిచ్చేవారు. బీడుభూముల్ని రైతు సహకారసంఘాలు సాగుచేసుకోవచ్చని 1944లో శాసనం వచ్చినా, ఆ భూముల్లోకి దిగటానికి రైతులు పోరాడవలసే వచ్చింది. 1947 యేప్రిల్ 20న ప్రాంతీయ యెన్నికల్లో వామపక్షాల కూటమి ముందు నిలిచింది. పదకొండు రోజులకు, మే దినాన, పిల్లాపాపలతో ఆ కనుమలో చేరిన రైతులమీద కొండలపైనుంచి గిలియానో అనే బందిపోటు ముఠా కాల్పులు జరిపింది. పదకొండుమంది చనిపోయారు. దానికి పదినెలల ముందే కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడని నాతో వచ్చిన యిద్దరికీ చెప్పాను; గొంతు కొంచెం పెద్దదే చేసి చెప్పాను కాబోలు.

తిరుగు బస్సుకోసం పియానాలో ఆగినప్పుడు కాఫీకొట్టు దగ్గర ఒక ముసలాయన, మాలో ఇటలీ కుర్రవాడి ద్వారా, మీకు భూమి వుందా అని నన్నడిగాడు. మా నాన్న బడిపంతులు అన్నాను. కృష్ణా డెల్టాలో మాకున్న యెనిమిదెకరాల మాగాణి సంగతి నోటికి రాలేదు. అందులో రెండెకరాలు నాయనమ్మ నా పేరే రాసింది. నా విమానం టిక్కెట్టు ఆ పొలం కౌలుతో కొన్నదే.

యింటికి చేరిన వారానికే మా కౌలురైతు వచ్చాడు. చిన్నప్పటినుంచీ ఆయన్ని బాబాయ్ అని పిలుస్తాను. ఆయన నన్ను బాబూ అంటాడు, మా వసారాలో మాత్రం కుర్చీలో కూర్చోడు. పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చిన యేడది. పదకొండు నెలల వొప్పందంమీద భూమి యజమాని సంతకం పెడితే కౌలురైతుకు కార్డు వచ్చేది. బ్యాంకు అప్పుకూ, పంట నష్టపరిహారానికీ అది ఆధారం. భూమిమీద హక్కేమీ రాదని ఆ చట్టమే చెప్పింది.

“మాస్టారూ, ఒక్క సంతకం,” అన్నాడు.

“చూద్దాంలే,” అన్నారు నాన్న.

నా వొళ్ళో సిసిలీ ఫోటోలున్నాయి. బాబాయ్ వాటికేసి చూసి, “అక్కడేం పండిస్తారు బాబూ?” అన్నాడు. గోధుమ, ద్రాక్ష, నిమ్మ అన్నాను.

“కౌలెంత?”

రెండువేల యేళ్ళ కిందటి లెక్క తెలుసుగానీ, ఆ యేటి లెక్క నేనక్కడ యెవర్నీ అడగలేదు. ఆయన వెళ్ళాక నాన్నతో వాదించాను. “కాగితం పుడితే పొలం పోతుంది. నీకేం తెలుసు?” అన్నారు. చట్టం చదివి వినిపించాను. ఆయన వినలేదు.

ఆ యేడు సంతకం పడలేదు. మరుసటేడు నా రెండెకరాలకూ నేను పెట్టాను. తక్కిన ఆరూ నాన్న పేరే వున్నాయి.