తారాబలం, చంద్రబలం, కండబలం

కటింగు అంటే క్షౌరశాలలో జరిగే కార్యక్రమమనే మన తరం వాళ్లకి తెలుసు. సంక్రాంతి వెళ్లిన వారానికి మా మేనల్లుడు వచ్చాడు. మా ఆవిడ పళ్లెంలో నాలుగు అరిసెలు పెట్టి ఇస్తే, "వద్దత్తయ్యా, కటింగ్‌లో ఉన్నాను" అన్నాడు. ఆవిడ వాడి తలకేసి చూసింది. జుట్టు బాగానే ఉంది. "పోనీ, చేయించుకుని వచ్చాకైనా తిందువుగాని" అని పళ్లెం మీద మూత పెట్టింది.

సంగతేమిటంటే, జిమ్ములకి వెళ్లే కుర్రాళ్లు ఏడాదిని రెండు ముక్కలు చేసుకుంటారు. కొన్ని నెలలు ఒంటికి ఖర్చయ్యేదానికన్నా కాస్త ఎక్కువ తిని, బరువులెత్తి కండ పెంచుతారు. అది బల్కింగు. కండతోపాటు కొంత కొవ్వు కూడా పిలవని పేరంటంలా వచ్చి కూర్చుంటుంది. తరవాత కొన్ని నెలలు, బరువులెత్తడం మానకుండా తిండి కాస్త తగ్గించి, ఆ కొవ్వుని సాగనంపుతారు. అది కటింగు. లెక్క మన ఇంటి పద్దులాంటిదే. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు దాగి ఉంటాయి. రోజుకి ఖర్చుకన్నా 250 కేలరీలు తక్కువ తింటే నెలకి దాదాపు కిలో దిగుతుంది. ఎక్కువ తింటే దాదాపు అంతే ఎక్కుతుంది.

ఇది విన్నాక నేను గోడకున్న పంచాంగం క్యాలెండరు తిరగేశాను. బల్కింగుకి మన పెద్దలు ఏ లోటూ చెయ్యలేదండీ. ధనుర్మాసంలో పొంగలి, సంక్రాంతికి అరిసెలు, మాఘంలో పెళ్లి భోజనాలు, ఎండాకాలంలో మామిడిపళ్లు, కొత్తావకాయలో ముద్దపప్పూ నెయ్యీ, శ్రావణంలో పులిహోర, పరమాన్నం, చవితికి కుడుములు, దసరా, దీపావళి! ఆషాఢంలో కొత్త అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదన్నారు కాబట్టి, ఆ ఒక్క నెలా అతని పొట్టకి సెలవు. ఇంత ఏర్పాటులో కనిపించనిదల్లా బరువులెత్తే ముహూర్తమే.

పండగ పూట ఎక్కింది పండగతో దిగిపోతుందిలే అనుకుంటాం. అమెరికాలో 195 మందిని నవంబరు చివరినుంచి కొత్త సంవత్సరం దాకా తూచి చూసి, 2000లో ఫలితం అచ్చువేశారు. ఆ పండగ రోజుల్లో సగటున పెరిగింది 0.37 కిలో. అంటే ఓ దోసకాయ బరువు. కానీ తరవాతి నెలల్లో ఆ దోసకాయ దిగలేదు. వాళ్లకది ఏడాదికో సీజను. మనకెన్నో మీరే లెక్కపెట్టుకోండి.

"నేను సన్నగానే ఉన్నాను కదా, నాకెందుకీ గొడవ?" అనేవాళ్లుంటారు. వాళ్లకోసం పుణె డాక్టరు యాజ్ఞిక్ గారి ఫొటో ఒకటుంది. 2004లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో వచ్చింది. పక్కన ఆయన మిత్రుడు, ఇంగ్లండు వైద్యుడు యుడ్కిన్. ఎత్తుకి తగ్గ బరువు లెక్క ఇద్దరికీ ఒకటే, 22.3. చూడ్డానికి ఇద్దరూ సన్నగానే ఉంటారు. ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్ గారికి 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారికి 21.2 శాతం! మనవాళ్ల సన్నదనాన్ని పూర్తిగా నమ్మడానికి లేదన్నమాట. అందుకే మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటిన నడుముని మన డాక్టర్లు అనుమానంగా చూస్తారు.

మా నాన్నగారు జీవితమంతా సన్నగానే ఉన్నారు. "రివటలా ఉంటారండీ" అని ఊరంతా మెచ్చుకునేవారు. డెబ్భై దాటాక పీట మీంచి లేవడానికి గుమ్మం పట్టుకునేవారు. తరవాత గుమ్మం చాలక నా భుజం కావలసి వచ్చింది. చివరి రెండేళ్లూ పీట అటకెక్కింది. మంచం మీదే భోజనం. పెద్ద జబ్బేమీ లేదనే అన్నారు డాక్టర్లు. స్నానం చేయించేటప్పుడు ఆయన తొడ నా రెండు చేతుల్లో ఇమిడిపోయేది. "ఒంట్లో బలం ఎటు పోయిందిరా?" అని అడిగేవారు. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు జవాబు తెలుసు. ముప్ఫై దాటాక కండ పదేళ్లకి 3 నుంచి 8 శాతం చొప్పున, అద్దె ఇల్లు ఖాళీచేసే మనిషిలా, ఒక్కో సామానూ మోసుకుని వెళ్లిపోతుంది. అరవై దాటాక తొందర ఇంకా ఎక్కువ. పోనీ ఉపవాసాలు ఉన్నాయిగా అంటారా? కండకి పని చెప్పకుండా ఒట్టి పస్తులుంటే, దిగిన బరువులో నాలుగోవంతు దాకా కండే కావచ్చు. పండగలకి వచ్చింది కొవ్వు, ఉపవాసాలకి పోయింది కండ! పదేళ్లు ఇలా గడిస్తే కాటా మీద అంకె అదే ఉంటుంది, దాని మీద నిలబడ్డ మనిషి మాత్రం మారిపోతాడు.

వెనకటికి ఊళ్లలో తాలింఖానాలుండేవి. కుర్రాళ్లు తెల్లారగట్ల దండీలు, బస్కీలు తీసేవారు. వీరఘట్టంలో పుట్టిన కలియుగ భీముడు కోడి రామ్మూర్తినాయుడుగారు గుండెల మీద ఏనుగుని ఎక్కించుకుంటే మన తాతలు చప్పట్లు కొట్టారు. అంతటితో వ్యాయామం పూర్తయిందనుకున్నారు కాబోలు.

ఈ వయసులో మనకెందుకంటారా? 1990లో బోస్టన్ వైద్యులు ఓ వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ల వాళ్లని పదిమందిని పోగుచేసి, కాళ్లతో బరువులెత్తించారు. ఎనిమిది వారాలకి తొడల బలం సగటున 174 శాతం పెరిగింది. ఆ లెక్కన నేనింకా బాలుణ్ణే.

అంచేత మా ఇంట్లో వారానికి మూడు రోజులు కండబలం చూస్తున్నాం. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పది సార్లు, మూడు విడతలు. నీళ్లు నింపిన బకెట్లు చెరోటీ పట్టుకుని పెరడంతా నడక. పది తేలికైతే పన్నెండు, బకెట్టు తేలికైతే ఇంకో రెండు చెంబులు. నెలనెలా కొంచెం పెంచకపోతే కండకి పెరగాలన్న పట్టుదల ఉండదు. మా ఆవిడ నాకన్నా నాలుగు చెంబులు ముందుంది.

తిండి సంగతికొస్తే, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పినదాని ప్రకారం కిలో బరువుకి 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అరవై కిలోల మనిషికి రోజుకి 50 గ్రాములు. గట్టిగా కండ పెంచేవాళ్లు దాదాపు రెట్టింపు తింటారు. వంద గ్రాముల కందిపప్పులో 22 గ్రాములుంటాయి, ఒక్కో గుడ్డులో ఆరు. అయితే మన విస్తట్లో అన్నం కొండంత, పప్పు గోరంత. ఆ వాటాలు సరిచేస్తే సగం పని అయినట్టే. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టరుని అడగందే పప్పు పెంచకూడదు.

పండగలు మానమని ఎవరూ అనక్కర్లేదు. సున్నుండలో మినప్పిండి ఉంది కదా అని నేను వాదిస్తే, "బెల్లం, నెయ్యి కూడా ఉన్నాయి, ఒకటే" అని మా ఆవిడ తీర్పు చెప్పింది. తిన్ననాడు బకెట్లు మొయ్యాలి, తినని నెలలో అసలు మానకూడదు. అదే మా పద్ధతి.

కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటాం. సాయంత్రం నక్షత్రం చూశాక పీటలు వాల్చుకుంటాం. విస్తట్లో ముందు పప్పు పడుతుంది, తరవాతే అన్నం. భోజనమయ్యాక చేతులు ఆనించకుండా పీట మీంచి ఎవరు ముందు లేస్తారా అని ఇద్దరికీ పందెం. ఇప్పటికి ఆవిడే గెలుస్తోంది.