కొలువు మారే మనిషి

కొలువు మారడమంటే ఒక యజమానిని వదిలి మరొకరి దగ్గర చేరడం. రెండు మూడేళ్లకోసారి అలా మారుతూ, దాన్నే బతుకుతెరువు పద్ధతిగా పెట్టుకున్నవాళ్లు ఇప్పుడు హైదరాబాదులో ఏ అపార్ట్‌మెంటులో చూసినా కనిపిస్తారు. వాళ్ల గురించి పెద్దలు అనే మాట ఒకటే: నిలకడ లేదు. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవన్న సామెతను కూడా జోడిస్తారు. ఇది అన్యాయమైన మాట.

ఆ నిలకడ సర్కారు కొలువు నేర్పింది. ఒకసారి చేరితే సర్వీసు రిజిస్టరులో ఏటా ఇంక్రిమెంటు, నడుమ పదోన్నతి, చివర పెన్షను. కదలనివాడికి దక్కేదేమిటో ముందే రాసి ఉండేది. 2004 జనవరి 1 నుంచి చేరిన కేంద్ర సివిల్ ఉద్యోగులకు, అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి చేరిన ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులకు ఆ పాత పెన్షను కూడా లేదు. ప్రైవేటు కొలువులో అలాంటి భరోసా ఎన్నడూ లేదు. అయినా కదలొద్దన్న ఉపదేశం మాత్రం అక్కడికీ పాకింది.

1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక మాదాపూర్, గచ్చిబౌలి వైపు పెరిగిన సాఫ్ట్‌వేర్ కొలువుల్లో లెక్క వేరు. ఉన్నవాడికి పాత జీతం మీద కొంత కలుపుతారు. కొత్తగా వచ్చేవాడికి ఆనాటి మార్కెట్ ధర కడతారు. అందుకే ఏటా వచ్చే హైక్ కంటే మారితే వచ్చే హైక్ తరచు పెద్దది. మారేవాడు చేసే పని ఈ తేడాను వసూలు చేసుకోవడమే.

మారడం పేపరు వేయడంతో, అంటే రాజీనామా ఇవ్వడంతో మొదలవుతుంది. తర్వాత నోటీసు పీరియడ్, చాలాచోట్ల తొంభై రోజులు. కొత్త సంస్థ నెలలో రమ్మంటుంది, పాతది మూడు నెలలు ఉండమంటుంది. మిగిలిన రోజులకు డబ్బు కట్టి బయటపడటాన్ని బైఅవుట్ అంటారు. అన్నీ అయ్యాక రిలీవింగ్ లెటర్ చేతికి రావాలి, లేకపోతే తర్వాతి చోట వెరిఫికేషన్‌లో చిక్కు. పంపించేటప్పుడు నోటీసుకు బదులు జీతమిచ్చి ఒక్క పూటలో ఐడీ కార్డు తీసుకునే సంస్థలే, వెళ్లేవాడి దగ్గర మూడు నెలలు పట్టుబట్టడం ఏ న్యాయమో చెప్పేవారు లేరు.

అసలు నష్టం మాత్రం గ్రాట్యుటీలో ఉంది. దీని గురించి వివరంగా చెప్పుకోవాలి. 1972 చట్టం ప్రకారం ఒకే యజమాని దగ్గర అయిదేళ్లు ఆగకుండా పనిచేసినవాడికే గ్రాట్యుటీ దక్కేది. మరణం, అంగవైకల్యం సందర్భాల్లోనే మినహాయింపు ఉండేది. నెల జీతాన్ని 26తో భాగించి, 15తో హెచ్చవేస్తే ఒక ఏడాది సేవకు వచ్చే మొత్తం. మూలవేతనం, కరువుభత్యం కలిపి 52,000 అనుకుంటే ఏడాదికి 30,000. చివరిదాకా అదే జీతమనుకున్నా, ఒకేచోట ఇరవై ఏళ్లు చేసినవాడికి ఆరు లక్షలు. అయిదు చోట్ల నాలుగేసి ఏళ్లు చేసినవాడికి సున్నా. ఇద్దరిదీ ఇరవై ఏళ్ల చెమటే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ నిర్ణీత కాలానికి తీసుకున్నవారికి ఏడాది చాలంది. పర్మనెంటు ఉద్యోగికి మాత్రం ఆ అయిదేళ్ల గీత అలాగే ఉంచింది. నాలుగేళ్లు చేసి వెళ్లినవాడి వాటా యజమాని దగ్గరే మిగిలిపోతుంది. సేవను కలిపి లెక్కించడం అసాధ్యమా అంటే కాదు. భవిష్యనిధి (పీఎఫ్)లో అది జరుగుతూనే ఉంది. 2014లో వచ్చిన యూఏఎన్‌తో ఒకే నంబరు మనిషి వెంట ప్రతి సంస్థకూ వెళ్తుంది. పెన్షనుకు కావలసిన పదేళ్లు కూడా, పాత ఖాతాలోని డబ్బు తీసేసుకోకుండా బదిలీ చేసుకుంటే, అన్నిచోట్లా కలిపి లెక్కకు వస్తాయి. పీఎఫ్ నడిచిన దారిలో గ్రాట్యుటీ నడవకపోవడానికి కారణం లేదు.

కొలువు మారేవాడికి చట్టం దారి ఇచ్చిన చోటు కూడా ఉంది. అమెరికాలో హెచ్‌1బి వీసా మీదున్న తెలుగువారికి 2000 నాటి చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది: కొత్త యజమాని దరఖాస్తు దాఖలు చేస్తే చాలు, ఆమోదం దాకా ఆగకుండా చేరవచ్చు.

నిలకడ లేనివాడు ఏదీ సాధించలేడన్న వాదానికి తెలుగులోనే జవాబుంది. కవి శ్రీశ్రీ విశాఖ కళాశాలలో డిమాన్‌స్ట్రేటరుగా, ఆంధ్రప్రభలో సబ్ ఎడిటరుగా, ఢిల్లీ ఆకాశవాణిలో, ఆపైన మరికొన్ని చోట్ల పనిచేశారు. మరో కవి గుర్రం జాషువా మొదట మూడు రూపాయల జీతానికి పల్లెబడి పంతులు. బాపట్ల నుంచి రోజూ నడిచి వెళ్లేవారు. ఆ కొలువు పోయాక 1915-16లో రాజమండ్రి చేరారు. అక్కడ ఆయన పని సినిమా వాచకం. మూగబొమ్మలు తెర మీద కదులుతుంటే, చీకటి హాలులో కథనూ సంభాషణలనూ గొంతెత్తి వినిపించాలి. పద్యాన్ని అంత నిండుగా చదివిన గొంతుకు ఆ కొలువెంత తగినదో ఊహించుకోవచ్చు. తర్వాత గుంటూరులో లూథరన్ చర్చి వారి ఉపాధ్యాయ శిక్షణాలయం, 1928 నుంచి 1942 దాకా ప్రభుత్వోద్యోగం, యుద్ధకాలంలో ప్రచారకుడి పని, 1957-59లో మద్రాసు రేడియో. ఈ మధ్యలోనే 1932లో భక్తప్రహ్లాద చిత్రం విడుదలై తెర తనంతట తానే తెలుగు మాట్లాడటం మొదలుపెట్టింది. సినిమా వాచకుడన్న ఉద్యోగమే లేకుండా పోయింది. జాషువా దాన్ని వదిలి అప్పటికి చాలా ఏళ్లయింది.