నోటుపుస్తకంలో హార్మోనియం

సాయంత్రం ఆదోని మార్కెట్ యార్డు దగ్గర టీ తాగుతుంటే, ఎమ్మిగనూరు నుంచి వచ్చిన తమ్ముడొకడు నోటుపుస్తకం తెరిచి ముందు పెట్టినాడు.

"అన్నా, రెండూళ్లకీ కలిపి సంగీతం క్లబ్బు పెడదామనుకుంటున్నా. గిట్టుబాటవుతుందో లేదో చూసి చెప్పు."

నెలకు 100 రూపాయలు, 200 మంది. 20,000.
హాలు బాడుగ 8,000, మైకుసెట్టు 3,000, పాడేవాళ్లకూ తబలాకూ 9,000.
మిగిలేది సున్న.

అదీ 200 మందీ 12 నెలలూ కడితేనే. పత్తి అమ్ముడైన నెలల్లో ఇక్కడ చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. ఎండాకాలంలో ఎవరు కడతారు?
పైగా మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆరాధనకు కూర్చుని ఊరికే పాట విన్న జనం మనం. టికెట్టు కొనడం కొత్త.

పిల్లలకు హార్మోనియం, తబలా నేర్పి, ఆ ఫీజుతో బాడుగ కట్టుకుంటే నిలబడొచ్చని నేనన్నా. వాడు రాసుకున్నాడు.

ఇంటికొచ్చినా అదే ఆలోచన.
1953 దాకా ఆదోని బళ్లారి జిల్లాలోదే కదా. ఆ బళ్లారిలోనే ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదిని సభ పెట్టి, పాటలతో తెలుగు నాటకాలు ఆడించినారు. ఆయన వృత్తి వకీలు.

అట్లే మావాడికి బట్టల కొట్టుంది. దాన్ని మాత్రం వదలొద్దని రేపు ఫోన్ చేసి చెప్పాలి.
క్లబ్బు వద్దని చెప్పడానికి మాత్రం నాకు నోరు రావడం లేదు.

ఆదోని, ఎమ్మిగనూరు వాళ్లూ...
నెలకు 100 కడతారా? పిల్లల్ని పంపుతారా?
ఉన్నదున్నట్టు చెప్పండి, వాడికి చూపిస్తా.