పక్షుల పంచాంగము

ప్రయాణమునకు ముహూర్తము చూచుట మా యింట పూర్వాచారము. వర్జ్యము చూడనిదే మా తాతగారు పొరుగూరి సంతకైనను కదలెడివారు కారు. ఇప్పుడు నేను తలపెట్టిన ప్రయాణము దక్షిణాఫ్రికాకు. చూడదలచినవి పెంగ్విన్లు, సముద్రపక్షులు. ఈ ప్రయాణమునకు చూడవలసిన పంచాంగము వేఱు. అది పక్షుల పంచాంగము. దానిని మా యింటివారికి బోధపఱచుటకు నాకు రెండు నెలలు పట్టినది.

పెంగ్విననగానే మంచుగడ్డపై నడచు పక్షియే మనకు స్ఫురించును. కేప్‌టౌను నగరమునకు దక్షిణమున, సైమన్స్ టౌను చెంతనున్న బౌల్డర్స్ తీరమున మంచు లేదు. ఏనుగుల మంద పరుండినట్లు గుండ్రని రాళ్లు, తెల్లని యిసుక, దానివెంట పొదలు కలవు. ఆ పొదల క్రింద ఆఫ్రికా పెంగ్విన్లు కాపురముండును. రెండడుగుల యెత్తు, మూడు కిలోల బరువు. కూత మాత్రము గాడిద ఓండ్రను పోలియుండును! 1982లో అచ్చట గూడు పెట్టినవి రెండే జంటలు. పిమ్మట ఆ తీరము వేలకొలది పక్షులకు నెలవైనది.

మా మనుమరాలు మీవలె ఎనిమిదవ తరగతి బాలికయే. ఈ సంగతి వినగానే, "తాతయ్యా, సంక్రాంతి సెలవులలో పోదము" అనెను. కాని జనవరి అచ్చట వేసవి. నవంబరు మొదలు జనవరి వరకు పెక్కు పెంగ్విన్లు ఈకలు మార్చుకొనును. తక్కిన పక్షులు కొన్ని కొన్నిగా ఈకలు రాల్చును. పెంగ్విను అన్నిటిని ఒక్కమారే రాల్చును. క్రొత్త యీకలు నిండుదాక, ఇంచుమించు మూడు వారములు, అది చల్లని నీట దిగజాలదు. దిగనిచో చేప దొరకదు. కావున ముందుగా మెక్కి బలిసి, పిదప ఉపవాసముండును. ఏకాదశి నాటి మధ్యాహ్నమునకే నీరసించు నావంటివానికి ఆ దీక్ష ఊహకందదు. అట్టి పక్షిని ఫొటోకొఱకు బెదరించి నీళ్లలోనికి తఱుముట కంటె క్రూరత్వము కలదా?

"అయితే వేసవి సెలవులలో పోదము" అని బాలికయే తీర్పు చెప్పెను. మే మాసాంతమున అచ్చట చలికాలము మొదలగును. గూళ్లలో పిల్లలుండును, కొయ్య వంతెనలపై నిలిచి, వానిని కదలింపకుండ చూడవచ్చును. అంతేకాక, దక్షిణ మహాసముద్రపు ఆల్బట్రాసులు చలికాలమున కేప్ సమీపమునకు వచ్చును. నల్లకనుబొమల ఆల్బట్రాసు రెక్కలు చాచినచో ఏడడుగులకు మించును. అలల దగ్గఱ గాలి మందము, పైన వేగము; ఆ తేడానే ఊతగా గొని అది రెక్కలాడింపకయే చాలదూరము సాగును. దానిని చూడ చిన్న పడవలో కేప్ పాయింటు దాటి నడిసముద్రమునకు పోవలెను. గాలి అనుకూలింపనిచో పడవ కదలదు. అందుచే ఒక్క దినపు విహారమునకు నాలుగు దినములు కేటాయించితిని.

మా కోడలికి పడవ కంటె ఖర్చు ఎక్కువ బెంగ. "మామయ్యగారూ, ఇంత త్వర యేల? అమ్మాయి చదువు ముగిసిన పిమ్మట పోరాదా?" అని అడిగెను. అడుగదగిన ప్రశ్నయే. నేను లెక్కలు ముందుంచితిని.

ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఆఫ్రికా పెంగ్విన్లు పదునైదు లక్షలని అంచనా. నేడు గూడు పెట్టు జంటలు పదివేలకు తక్కువ. 1967 వరకు మనుష్యులు వాని గ్రుడ్లను తినుటకు ఏఱుకొనిరి. తరతరములుగా పేరుకొని గట్టిపడిన రెట్టను త్రవ్వి అవి గూళ్లు చేసికొనెడివి. దానిని ఎరువునకై గీకికొనిపోగా గ్రుడ్లు ఎండపాలైనవి. 2000 జూనులో ట్రెజర్ అను ఓడ మునిగి, నూనె సముద్రముపై పరచికొన్నది. నూనె అంటిన పక్షులు సుమారు 19,000. వేలకొలది స్వచ్ఛంద సేవకులు వానిని ఒక్కొక్కటిగా కడిగిరి. నూనె అంటని మఱి 19,000కు పైగా పక్షులను లారీలలో తూర్పుననున్న పోర్ట్ ఎలిజబెత్తునకు కొనిపోయి విడిచిరి. అవి వందల కిలోమీటర్లు ఈదుకొనుచు ఇల్లు చేరులోపల ఇచ్చట నూనెను తొలగించిరి. ఎంత చక్కని యోచన!

కాని ఆకలిని కడిగివేయ నెవరి తరము? వాని యాహారమైన సార్డీన్, ఆంకోవీ చేపలు తఱిగినవి. 2024లో ఈ పక్షిని అత్యంత ప్రమాదస్థితిలోని జాతిగా ప్రకటించిరి. ఆరు ముఖ్యమైన స్థావరముల చుట్టు ఆ చేపలవేటను పది సంవత్సరములు నిషేధించుటకు 2025 మార్చిలో న్యాయస్థానపు ఉత్తరువు వెలువడినది. ఈ క్షీణత ఆగనిచో 2035 నాటికి అడవిలో ఈ జాతి దాదాపు కనుమఱుగు కావచ్చునని శాస్త్రజ్ఞుల హెచ్చరిక.

కోడలు వ్రేళ్లపై లెక్కించెను. ఆమె కుమార్తె చదువు అప్పటికి గాని ముగియదు. "అయితే మేలోనే పొండు, పడవలో మాత్రము మందుబిళ్ల వేసికొనుడు" అనెను.

సంక్రాంతి సెలవులను మాత్రము వృథా చేయము. సూళ్లూరుపేట చెంత నేలపట్టులో గూడబాతులు అప్పుడు గూళ్లపై నుండును. నేలపై నిలిచి దుర్భిణి పట్టుట ముందచ్చట అభ్యసింపవలెను. ఊగెడు పడవలో పట్టుట తరువాతి పాఠము.