తంజావూరిలో మూడు దినములు

కాశీకిని రామేశ్వరమునకును పోయివచ్చిన వారు మన యిండ్లలో ననేకులు గలరు. తంజావూరికి పనిగట్టుకొని పోయిన గృహిణిని మాత్రము మా వీధిలో నేనెరుగను. "అచ్చట నేమున్నది? అరవదేశము గదా!" అని నన్నడిగిన సోదరీమణులకు బదులుగా నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా మేనత్తగారికి డెబ్బదియారేండ్లు. నాకు ఓనమాలు మొదలుకొని అమరము, వసుచరిత్రము, విజయవిలాసము వరకు చెప్పినది ఆమెయే. నేను బడికి పోయి చదివినది మిక్కిలి తక్కువ. నీటికాసుల వ్యాధిచే ఆమె చూపు ఏటేట తగ్గుచున్నది. పోయిన చూపు తిరిగి రాదనియు, ఉన్నదానిని నిలుపుకొనుటయే చికిత్స యనియు వైద్యుడు చెప్పెను. ఆనాడింటికి వచ్చి కూర్చుండి ఆమె, "చేమకూర కవి తిరిగిన యూరు నాకొక్కసారి చూపింపవే" అనెను. మునుపెన్నడును ఆమె నన్నేమియు కోరి యెరుగదు. ఇద్దరాడువారు, రాని భాష, పిల్లల పరీక్షలు అని యింటిలో నాక్షేపణలు బయలుదేరినవి. మావారు ఉపాధ్యాయులగుటచే సెలవు దొరకలేదు గాని, వంటపని తాము చూచుకొందుమని మాట యిచ్చిరి. మూడు దినములును చారన్నమే వండిరని తరువాత తెలిసినది.

చెన్నపట్టణమున ఎగ్మూరు స్టేషనులో రాత్రి బండి యెక్కినచో తెల్లవారునప్పటికి తంజావూరు చేరవచ్చును. స్నానము చేసిన వెంటనే పెద్దగుడికి పొండు. మధ్యాహ్నము గుడి మూయుదురు. ఎండ యెక్కిన పిదప ఆ రాతినేలపై అడుగు మోపుట కష్టము. రాజరాజచోళుడు 1010లో పూర్తి చేయించిన యీ బృహదీశ్వరాలయపు విమానము ఇన్నూరడుగులకు పైబడిన యెత్తు గలది. మన గుళ్లలో గోపురము పెద్దది, గర్భగృహముపై విమానము చిన్నది. ఇచ్చట గోపురములు చిన్నవై, స్వామి తలమీది విమానమే ఆకాశము నంటుచున్నది. లోపలి ప్రదక్షిణమార్గపు గోడలపై నాయకరాజుల నాటి చిత్రముల క్రింద చోళులనాటి చిత్రములు దాగియున్నట్లు 1931లో గోవిందస్వామియను పండితుడు కనుగొనెను. వానిని అందరకును చూపరు, ఆశపడి పోవలదు. గుడి యరుగుల పొడవునను శాసనములే. మా యత్తగారు గోడ నానుకొని ఆ చోళాక్షరములను వ్రేళ్లతో తడవుచు చాలసేపు నడిచెను. అరవలిపి ఆమెకు రాదు. అయినను, "చెక్కినవాని చేయి మంచిది" అనెను.

మనకు తంజావూరు పరదేశము కాదని చెప్పుటకే యీ పేరా. 1532 ప్రాంతము నుండి 1673 వరకు ఈ రాజ్యము నేలినవారు తెలుగు నాయకరాజులు. రఘునాథనాయకుడు తానును కవి. అతని సభలో రామభద్రాంబ సంస్కృతమున అతని చరిత్రనే కావ్యముగా రచించినది. మధురవాణి అతని తెలుగు రామాయణమును సంస్కృతీకరించినది. అతని కుమారుడగు విజయరాఘవుని కాలమున రంగాజమ్మ మన్నారుదాసవిలాసము వ్రాసినది. తరువాత వచ్చిన మహారాష్ట్రులును తెలుగును విడువలేదు. ప్రతాపసింహుని నాటి ముద్దుపళని రాధికాసాంత్వనము తెలుగు కావ్యమే. ఆడువారికి చదువెందులకని యడుగుట యీ నగరమున నానాడు నవ్వు పుట్టించి యుండును.

ఆ రాజుల కోటలోనే సరస్వతీమహలు గ్రంథాలయమున్నది. శరభోజి మహారాజు (1798–1832) దీనిని మిక్కిలి వృద్ధిపరచెను. 1918 నుండి ఇది ప్రజలదైనది. ప్రతులన్నియు మన చేతికీయరు. సందర్శకులకై కొన్నింటిని అద్దముల క్రింద నుంచినారు. వెలుతురు తక్కువ. తెలుగు తాటాకు నొకదానిని నేను కనుగొని అత్తగారిని పిలిచితిని. ఆమె అద్దమునకు ముక్కు తగులునంతగా వంగెను. తెలుపుపై నలుపు గీతలు తప్ప నేమియు కానరాలేదు. "నీవు చదువు" అనెను. నేను చదువబోయి రెండవ పదముననే నిలిచిపోతిని. అక్షరము ప్రక్క నేదో కొక్కెము వంటి గుర్తు. ఎట్లున్నదని యామె యడిగినది, నేను వర్ణించితిని. "అది వలపలగిలక యే పిల్లా! రేఫమును ముందు పలికి, ఆ పైని అక్షరము పలుకుము" అనెను. ఆ తరువాత నేను కూడబలుకుచుండగా ఆమె సరిదిద్దుచు వచ్చెను. ఇరువది యేండ్ల క్రిందట మా వసారాలో కూర్చున్నట్లే యుండెను. కావలివాడు రెండుసార్లు దగ్గెను గాని మమ్ము కదలుమనలేదు. వానికి నా నమస్కారములు.

కోటలోనే యున్న చోళుల కంచువిగ్రహముల శాలను తప్పక చూడుడు. దర్బారుశాలకు అరగడియ చాలును. తలయూచు తంజావూరు బొమ్మలు పిల్లలకై కొనవలెనన్న ధర యడిగి నాలుగు దుకాణములు తిరుగుడు.

ఇక భోజనపు మాట. అత్తగారు ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. నేను బయలుదేరుటకు ముందే వెంగాయమనగా ఉల్లి, పూండనగా వెల్లుల్లి యని నేర్చుకొంటిని. మొదటిదినమున నొక భోజనశాలలో రసము సంగతి యడుగగా వడ్డించువాడు "పెరుంగాయము మాత్రమే" యనెను. పెరుమనగా పెద్ద గనుక, అది పెద్ద ఉల్లియనుకొని వద్దంటిని. రెండు దినములు ఆ ముసలియామె ఉత్త మజ్జిగన్నమే తినెను. పెరుంగాయమనగా మన యింగువ యని మూడవనాడు తెలిసినది! మీకట్టి పాట్లు రాకుండుటకే చెప్పుచున్నాను.

ఉదయమున ఇడ్లీ, పొంగలి ఎచ్చటనైనను బాగుండును. ఆలుగడ్డలు, పెసరపప్పు, కొబ్బరి, గసగసాలు చేర్చి చేయు నొక కూరను ఇడ్లీకి నంజుకొనుటకు ఇత్తురు. దాని పేరు కడప్పా! మన కడపతో దానికేమి చుట్టరికమో వారినే యడుగవలెను. దానిలో ఉల్లియుండును గాన నేనొక్కతెనే తింటిని, రెండుసార్లు తింటిని. సాంబారు తంజావూరు మహారాష్ట్రుల వంటశాలలో పుట్టినదని కథ చెప్పుదురు. నమ్మవలెనన్న నిర్బంధమేమియు లేదు. కాఫీ మాత్రము కుంభకోణములో త్రాగుడు. నీరు కలుపని చిక్కని పాలతో, ఇత్తడి డవరాలో నిత్తురు. బయటి కాఫీ యెన్నడు నెరుగని మా యత్తగారు నా డవరా వైపు చూచి, "వాసన బాగున్నది" అనెను. మరియొకటి తెప్పించితిని. కుంభకోణమున రఘునాథనాయకుడు కట్టించిన రామస్వామి కోవెలలో సీతారాములు ఒక్క పీఠముపై కూర్చున్న పట్టాభిషేకమూర్తులు. హనుమంతుని చేత వీణ.

కడపటి దినము తిరువయ్యారునకు పోతిమి. తంజావూరి నుండి బస్సులో ఐదు నదులు దాటవలెను, ఊరికా పేరందుచేతనే. కావేరి గట్టున త్యాగరాజస్వామి (1767–1847) సమాధి. శిథిలమైయున్న యా చోట 1921లో పునాది వేయించి, తన నగల నమ్మి మందిరము కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మ. రాధికాసాంత్వనమును 1910లో పరిష్కరించి ప్రకటించినదియు ఆమెయే. అంత చేసినను ఆరాధనలో స్త్రీలు పాడరాదన్నారు. ఆమె స్త్రీల నందరను చేర్చి వేరుగ ఆరాధన జరిపించెను. 1940 ప్రాంతమున గాని అందరును కలియలేదు. ఆమె 1952లో పోయినది. స్వామికెదురుగా చేతులు జోడించి కూర్చున్న విగ్రహమై యిప్పటికి నచ్చటనే యున్నది.

ఈ సంగతి నేను చెప్పగా అత్తగారు ఆ విగ్రహము దాపున కూర్చుండి, ఇంట పూజవేళ పాడుకొను కీర్తన నొకదాని నందుకొనెను. గొంతు వణకెను, రెండవ చరణము మరచెను, మరల పల్లవికి వచ్చెను. గట్టున బట్టలుతుకుచున్న స్త్రీ యొకతె చేతిపని నిలిపి వినెను.

బజారులో నేతితో, పెసరపప్పుతో చేయు అశోకా హల్వా వేడివేడిగా ఆకులో పెట్టియిచ్చిరి. అది తిరువయ్యారు ప్రత్యేకత. కొద్దిగా కొనుడు, నాలుగు దినములకు మించి యుండదు. మా పొట్లము బండిలోనే విప్పబడినది. పిల్లలకు మిగిలినది మూడు ముక్కలు. వచ్చు పుష్య బహుళ పంచమికి, ఆరాధన దినమున, తన్ను మరల తీసికొని పోవలెనని అత్తగారు అప్పుడే రోజులు లెక్కించుచున్నారు. పిల్లల పరీక్షల తేదీలు ఇంకను రాలేదు.